పదకొండు సుద్దగీతలు

జులై 12, శనివారం

తిప్పిన రోలు వెనక్కి వచ్చేసింది.

పావు చుట్టు తిప్పి, బెల్టు వదులు చేసి, సుద్దముక్క కోసం జేబులో చెయ్యి పెట్టాను. అంతలోనే దానంతట అది మెల్లగా దొర్లి పాత చోటికే వచ్చి నిలబడింది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ అంతే. బరువు ఒక పక్కకు దిగిపోయిన రోలు అట్లాగే చేస్తుంది. ఇరవై ఏళ్ళుగా ఈ కాగితం మిల్లులో రోల్సే చూస్తున్నవాడిని, ఇంకొకరు వచ్చి చెప్పక్కర్లేదు.

రబ్బరు తొడిగిన ఇనుప స్తంభంలాంటి స్పేర్ రోలు ఊరికే పడి ఉంటే తన బరువుకు తానే వంగుతుంది. అందుకే ప్రతి శనివారం షిఫ్టు దిగే ముందు పావు చుట్టు తిప్పాలి. పైకి వచ్చిన చోట సుద్దతో గీత గీయాలి, షెడ్డు బోర్డు మీద తేదీ వేయాలి. అది నా పని. నా ఒక్కడి పని. ఏప్రిల్‌లో నా భార్య పద్మ డాబా మెట్ల మీది నుంచి పడ్డప్పటి నుంచి పదకొండు శనివారాలు మధ్యాహ్నమే ఆస్పత్రికి పరుగెత్తాను. ప్రతి సోమవారం వచ్చి, పాత గీత తుడిచి, కొత్త గీత గీసి, బోర్డు మీద శనివారం తేదీ వేశాను. రోలును ముట్టుకోలేదు. తిప్పడం అరగంట పని. గీత అరనిమిషం.

రేపు షట్‌డౌన్. ఈ రోలే మెషీన్‌కు ఎక్కుతుంది.

మేనేజర్ సాహెబ్‌కు చెప్పాలి. బస్సు టైమైందని వచ్చేశాను... బస్సు మీద నెపం పెట్టడం కూడా బాగానే వచ్చింది నాకు. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చినా పద్మ మంచం దిగలేదు, పుండు ముదరకుండా రెండు గంటలకోసారి పక్క మార్చాలి. నాలుగింటికి ఎడమ పక్కకు తిప్పాను. ఆరింటికి కుడి పక్కకు. ఇక్కడ మాత్రం ఒక్క పూట తప్పలేదు.

జులై 13, ఆదివారం

రోలు ఎక్కించాం. సాయంత్రం ఐదింటికి మెషీన్ నడిపారు.

నెమ్మదిగా నడిచినంతసేపు ఏమీ లేదు. బిగించాక సర్దుకుందేమో అని ఒక వెర్రి ఆశ. స్పీడు పెంచారు. దడ్... దడ్... దడ్... కాళ్ళ కింద నేల అదురుతోంది. తడి కాగితం తెగింది. అతికించి ఎక్కించారు. తెగింది. ఆ తర్వాత లెక్క పెట్టడం మానేశాను.

జులై 14, సోమవారం

రోలు దింపి, వంపు కొలిచే డయల్ గేజ్ పెట్టారు. ముల్లు ఊగడం అందరూ చూశారు. రోలు వంగింది.

సాహెబ్ రోలు చివర నా సుద్దగీత చూశాడు. బోర్డు మీద తేదీలు వరసగా చదివాడు. ఒక్క వారం తప్పలేదు. "యాదగిరి కా కామ్ బరాబర్ హై" అన్నాడు. నాకు మెచ్చుకోలు! తర్వాత తలెత్తి పైకి చూశాడు. షెడ్డు రేకుకు చేతి వెడల్పు బొక్క. అందులోంచి ఎండ పడి, రబ్బరు ఒక పక్క మెత్తబడి, రోలు చెడిందని అక్కడికక్కడే తేల్చేశాడు. తిప్పడంలో తప్పు లేదు కాబట్టి దాచడంలో తప్పు ఉండాలి కదా. షెడ్డు తాళాలు స్టోర్ చూసే సాంబయ్యన్నవి.

సాంబయ్యన్న ఆ బొక్క వంకే చూస్తూ నిలబడ్డాడు. "గల్తీ మేరీ హై సాబ్" అన్నాడు చివరికి, తప్పు తనదేనని.

నేను రోలుకు ఇవతల ఉన్నాను. చేతిలో స్పానర్ ఉంది. దాన్నే తిప్పుతూ నిలబడ్డాను.

జులై 15, మంగళవారం

చెప్పలేదు.

జులై 17, గురువారం

ఇవాళ ఆఫీసు తలుపు దాకా వెళ్ళాను. సాహెబ్ ఫోన్‌లో ఉన్నాడు. ఎదురుచూడొచ్చు. చూడలేదు.

నా ఉద్యోగం పోతే పద్మ మందులు, డ్రెస్సింగ్, గాలి పరుపు – ఇవన్నీ ఎట్లా అని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చేశాను. అబద్ధం కాదు. అంతా నిజం కూడా కాదు. ఇరవై ఏళ్ళుగా 'యాదగిరి గీత గీశాడంటే చూడక్కర్లేదు' అన్న మాట ఒకటి ఉంది మిల్లులో. దాన్ని వదులుకోవడం ఇష్టం లేదు నాకు. అదీ అసలు సంగతి.

జులై 19, శనివారం

సాంబయ్యన్నను స్టోర్ నుంచి తీసేశారు. సోమవారం నుంచి చిత్తుకాగితాల యార్డు. లారీల్లో వచ్చే పాత కాగితం కట్టలు విప్పి ఏరే పని. పొద్దస్తమానం దుమ్ము.

ఇక్కడి ఖటోదరా పేటలో పాతికేళ్ళు మగ్గాల మీద పనిచేసి, ఊపిరితిత్తుల నిండా నూలు దుమ్ము నింపుకొన్నాక, డాక్టర్ దుమ్ములోకి వెళ్ళొద్దంటేనే ఆ స్టోర్ పని ఇచ్చారు. నన్ను అదే మగ్గాల నుంచి చెయ్యి పట్టుకొని ఈ మిల్లుకు తెచ్చింది ఆయనే. "మగ్గం కాడ నీ సెవులు పోతయి, నా దమ్ము పోయింది, నడువు తమ్మీ" అన్నాడు ఆ రోజు.

తాళాల గుత్తి బల్ల మీద పెట్టేటప్పుడు ఒకసారి గుడ్డతో తుడిచాడు.

జులై 24, గురువారం

పద్మ ఇవాళ నవ్వింది. చాలా రోజులకు.

పగలు నేను మిల్లులో ఉన్నప్పుడు పక్కింటి లక్ష్మక్క వచ్చి తిప్పుతుంది. ఇవాళ ఏ పక్క నుంచి ఏ పక్కకు తిప్పిందో మర్చిపోయింది. నేను వచ్చి అడిగితే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు పద్మ – "నా మీద గూడ ఒక గీత గీసి తారీఖు రాయరాదు? నీకు అలవాటే గద."

లక్ష్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఒకటే నవ్వు. పద్మ కూడా. నేను నీళ్ళ గ్లాసు తీసుకొని వంటింట్లోకి వెళ్ళాను.

ఒకప్పుడు చీరకు మెరుపు రాళ్ళు అంటించేది ఈ మనిషి. కొంగు పొడవునా వరస తప్పకుండా. ఇప్పుడు నడుం కింద స్పర్శ లేదు, వేళ్ళకు పట్టు లేదు. బుద్ధి మాత్రం సూది మొనలా ఉంది. అదే నాకు భయం.

జులై 27, ఆదివారం

సాంబయ్యన్న వచ్చాడు. డుమస్‌లో సముద్రం ఒడ్డుకు వెళ్ళి టమాట బజ్జీలు తెచ్చాడు, చెల్లె అని పిలుచుకునే పద్మకు ఇష్టమని. దారిలో చల్లారిపోయాయి. పద్మ నోట్లో తుంచి పెట్టాడు. ఆమె రెండు తిని, "సముద్రం ఉన్నదా, ఎండిపోయిందా అన్నా?" అంది. "ఉన్నది చెల్లె. గట్లనే నల్లగున్నది" అన్నాడు.

తిరిగి మెట్లు దిగుతూ రెండుసార్లు ఆగాడు దగ్గుతో. కింద చెప్పులు తొడుక్కుంటూ నాతో – "నువ్వు మనసుల పెట్టుకోకు తమ్మీ. నువ్వైతే వారం వారం తిప్పినవ్. రేకు బొక్క నేను జర సూస్కుంటే అయిపోవు."

నాకు ఓదార్పు! ఆయన!

అన్నా, అన్నాను. ఏందిరా, అన్నాడు. ఏం లేదు, అన్నాను.

ఆగస్టు 2, శనివారం

మిగిలిన స్పేర్ రోలు తిప్పాను. నిజంగానే. గీత గీశాను. తర్వాత మళ్ళీ వెళ్ళి చూశాను, గీత పైనే ఉందా అని. ఉంది. ఎవరికి చూపించాలి ఇది?

ఆగస్టు 9, శనివారం

రాఖీ పున్నమి.

పద్మ నిన్ననే లక్ష్మక్కతో రాఖీ తెప్పించి దిండు కింద పెట్టించింది. పదేళ్ళుగా సాంబయ్యన్నకు కడుతోంది. తోడబుట్టినవాళ్ళు లేరు ఆమెకు. ఆయన తెల్లచొక్కా వేసుకొని వచ్చాడు. కాలర్‌లో కూడా కాగితం దుమ్ము.

దారం ఒక కొస పద్మ వేళ్ళ మధ్య పెట్టాను. పట్టుకుంది కానీ ముడి పడదు. రెండుసార్లు ప్రయత్నించింది. దారం జారింది. అప్పుడు నా వైపు చూసి, "నువ్వు ముడెయ్యి. నేను పట్టుకుంట" అంది.

సాంబయ్యన్న మణికట్టు నా చేతిలో. ముడి వేశాను. రెండో ముడి కూడా వేశాను, ఊడకుండా. నా చేతులు వణకలేదు. అందుకే నా మీద నాకే అసహ్యం వేసింది. వణకాల్సింది.

మిఠాయి తిన్నాక పద్మ అడిగింది – "నిన్ను యార్డుకు ఎందుకేసిండ్రన్నా? ఈయన నోరిప్పి చెప్తలేడు." ఆయన తేలిగ్గా చెప్పేశాడు. రోలు వంగింది చెల్లె, ఎండకు. యాదగిరి శనివారం శనివారం తిప్పనే తిప్పిండు, నేనే రేకు సూస్కోకపోతి.

పద్మ శనివారం శనివారం... అని పెదాలతో అనుకున్నట్టు అనిపించింది. నా అనుమానమేమో.

ఆగస్టు 11, సోమవారం

పద్మ రెండు రోజులుగా కప్పు చూస్తూ ఏదో లెక్క పెడుతోంది. ఏంటంటే – ఫ్యాన్ రెక్కలు, అంటుంది. ఫ్యాన్‌కు ఉన్నవి మూడే.

ఆగస్టు 14, గురువారం

అయిపోయింది. తెలిసిపోయింది.

అన్నం తినిపిస్తున్నాను. మూడో ముద్దకు నోరు తెరవలేదు.

"నేను పడ్డ కాన్నుంచి ఆ రోలు బిగించే దాంక పదకొండు శనివారాలు. అన్ని శనివారాలు పగటీలి నాతాననే ఉంటివి గద."

ఉన్నాను, అన్నాను.

"రోలు ఎవరు తిప్పిండ్రు?"

ముద్ద చేతిలోనే ఉంది. సోమవారం తిప్పేవాణ్ణి అనబోయాను. ఆమె ముందే అనేసింది – "సోమవారం తిప్పిన అనకు. సోమవారం పొద్దుగాల గూడ డాక్టర్‌తోని మాట్లాడి ఉరుకుతుంటివి."

చెప్పాను. గీత సంగతి, బోర్డు సంగతి, తిప్పితే వెనక్కి దొర్లిన సంగతి. తెలిసి కూడా బిగించిన సంగతి. మొత్తం. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కోపం. ఆ కళ్ళలో అంత కోపం పెళ్ళయ్యాక ఎన్నడూ చూడలేదు.

"నా కోసమే చేసినవా?"

నీ కోసమే, అన్నాను. అది అనకుండా ఉండాల్సింది.

"నన్ను అడ్డం పెట్టుకోకు. నేను తిప్పొద్దన్ననా? రాఖీ కట్టిపిచ్చినవ్ నాతోని. ముడి నువ్వేసినవ్. ఆయన దగ్గుతుంటే గిట్ల సూస్కుంట నిలబడ్డవ్." మొహం గోడ వైపు తిప్పుకుంది. "ఇగ నన్ను ముట్టకు. పోయి చెప్పు. అప్పటిదాంక లక్ష్మక్కనే తిప్పుతది."

అన్నం కంచంలో అట్లాగే ఎండిపోయింది.

ఆగస్టు 15, శుక్రవారం

పొద్దున జెండా ఎగరేసి సాహెబ్ వెళ్ళిపోయాడు. రేపు కూడా సెలవే, ఇక సోమవారమే.

లక్ష్మక్క పొద్దున్నే ఒకసారి తిప్పి, సచిన్ పేటలో ఉన్న కూతురి ఇంటికి వెళ్ళింది. పదింటికి ఫోన్‌లో అలారం మోగింది. లేచాను. పద్మ గోడ వైపు చూస్తూ, "వద్దు" అంది.

పన్నెండింటికి మళ్ళీ మోగింది. "పద్మా, పుండు పెద్దదవుతుంది" అన్నాను. బతిమాలాను. చెప్తా, సోమవారం చెప్తా, ఒట్టు, అన్నాను. "సోమవారం సోమవారమే" అంది.

బలవంతంగా తిప్పొచ్చు. చెయ్యెత్తి ఆపే శక్తి కూడా ఆమెకు లేదు. టన్నుల బరువు రోల్సు తిప్పినవాణ్ణి, పిడికెడు మనిషి. మంచం పక్కన నిలబడ్డాను, చేతులు చాచి. వేయలేకపోయాను.

లక్ష్మక్క రెండున్నరకు వచ్చింది. నైటీ పక్కకు తీసి చూసి నన్ను తిట్టిపోసింది. "ఏంది యాదన్నా, ఇంట్ల ఉండి గూడ ఏం జేస్తున్నవ్? తోలు లేసిపోయింది!" పద్మ ఆమెను ఇంకొక్క మాట అననివ్వలేదు. "నేనే వద్దన్న అక్కా" అంది.

నడుం కింద కుడి పక్కన రూపాయి బిళ్ళంత. ఎర్రగా. ఆమెకు నొప్పి కూడా తెలియదు. నేను చూస్తూ ఉన్నాను.

ఆగస్టు 17, ఆదివారం

ముందు సాంబయ్యన్నకు చెప్పాలనిపించింది. సాహెబ్ కన్నా ముందు. ఆయన గదికి వెళ్ళాను. ఒక్కడే ఉన్నాడు, స్టవ్ మీద చాయ్. నాకూ పోశాడు. ఆ చాయ్ తాగితే చెప్పలేనని గ్లాసు కింద పెట్టి మొదలుపెట్టాను.

మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అయిపోయాక, "చెల్లెకు ఎరుకేనా?" అన్నాడు. ఎరుకే, అన్నాను. తల ఊపాడు.

చాలాసేపు దగ్గాడు. తర్వాత తన చాయ్ వైపు చూస్తూ చెప్పిన మాటలు రాసి పెడుతున్నాను. మర్చిపోతానని కాదు.

"నెల రోజులసంది రోజు అన్నం తినే యాళ్లకు షెడ్డుకు పోతున్న తమ్మీ. కొత్త స్టోరాయన నవ్వుతడు. ఆ బొక్క కింద నిలబడి ఎండ యాడ పడ్తదో సూస్త. పన్నెండుకు సూసిన, ఒంటి గంటకు సూసిన, మబ్బు లేని రోజు సూసిన. రోలు స్టాండు మీదికి రాకపాయె. గోడ కాడనే ఆగిపాయె. నా కండ్లు గిట్ల పోయినయా, తలకాయనే ఖరాబైందా అనుకున్న."

అన్నా, అని కాళ్ళు పట్టుకోబోయాను. వెనక్కి జరిగాడు.

"నువ్వు ఆ రోజే వచ్చి చెప్తే, మనమిద్దరం కల్సి ఏదో ఒకటి చేస్తుంటిమి. లేకుంటే తెలిసి నేనే నా నెత్తినేస్కుంటుంటి. చెల్లె కోసం ఏస్కోనా? గని తెలిసి ఏస్కుంటుంటి." ఆగాడు. "ఇగ పో. సల్లారిపాయె చాయ్."

మణికట్టు మీద రాఖీ ఇంకా ఉంది. రంగు పోయి దుమ్ము పట్టింది. ముడి ఊడలేదు.

ఆగస్టు 18, సోమవారం

సాహెబ్‌కు చెప్పేశాను. నిలబడే చెప్పాను. పదకొండు వారాలు, అన్నీ ఉత్త గీతలు, అని.

కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నన్ను తిట్టాలని, తీసేయాలని, ఏదో ఒకటి చేయాలని ఎదురుచూశాను. రిపోర్టు మిల్లు యజమాని సేఠ్‌కు వెళ్ళిపోయింది, అన్నాడు. స్టోర్‌లో కొత్త మనిషి కుదిరిపోయాడు. మళ్ళీ ఇదంతా తిరగదోడితే నాకూ మాట వస్తుంది, అన్నాడు. నువ్వు పోతే రోల్స్ ఎవరు చూస్తారు? "జో హువా సో హువా. జా, కామ్ కర్." అయిందేదో అయింది, పోయి పని చేసుకోమని.

మరి సాంబయ్య, అన్నాను. చూద్దాం, అన్నాడు. చూద్దాం అంటే ఏమిటో ఈ మిల్లులో అందరికీ తెలుసు.

శిక్ష లేదు. ఏమీ లేదు. పొద్దున ఎట్లా వెళ్ళానో అట్లాగే బయటికి వచ్చాను. అందుకే ఇంకా ఏడుపొచ్చింది. రోల్ షెడ్డు వెనక నిలబడి ఏడ్చాను, చిన్నపిల్లాడిలా.

ఇంటికి వచ్చేసరికి పద్మ – "చెప్పినవా?"

చెప్పిన.

"అన్నను మళ్ల స్టోర్‌కు తీస్కుంటున్నరా?"

లేదు.

కళ్ళు మూసుకుంది. ఆరింటికి అలారం మోగింది. ఒక నిమిషం మోగనిచ్చి, "తిప్పు" అంది. అంతే. తిప్పాను. నాలుగు రోజుల తర్వాత ఆ వీపు కింద చెయ్యి పెట్టాను. తేలికైపోయింది ఇంకా.

ఆగస్టు 20, బుధవారం

సాంబయ్యన్న యార్డుకు రాలేదు. నిన్న కూడా రాలేదట. ఫోన్ స్విచాఫ్.

ఆగస్టు 23, శనివారం

రోలు తిప్పాను. గీత, తేదీ.

అక్కడి నుంచి నేరుగా సాంబయ్యన్న గదికి. తాళం. పక్క గదివాళ్ళు చెప్పారు – గురువారం సొంతూరి బస్సు ఎక్కాడట. అక్కడ దవాఖానలో చూపించుకుంటానన్నాడట. మళ్ళీ వస్తాడా అంటే, పెట్టె తీసుకుపోలేదు అన్నారు. పెట్టె తీసుకుపోకపోతే వస్తాడనేగా? లేక మోయలేకనా? వాళ్ళకేం తెలుసు. నాకేం తెలుసు.

పద్మకు చెప్పాను. దాచలేదు. ఇకనైనా దాచకూడదని.

నాలుగింటికి అలారం. "ఎటు తిప్పాలె?" అని అడిగాను. ఎప్పుడూ అడిగేవాణ్ణి కాదు, వరస ప్రకారం తిప్పడమే. ఇప్పుడు అడుగుతున్నాను.

"తలుపు దిక్కు."

అది కుడి పక్క. పుండు ఉన్న పక్క. వద్దన్నాను, డ్రెస్సింగ్ చేసే నర్సు కూడా వద్దంది కదా. "జర సేపే" అంది. దిండు మడిచి కింద పెట్టి తిప్పాను. తలుపు బార్లా తెరవమంది. తెరిచాను. మెట్ల మీద ఎవరో ఎక్కుతున్న చప్పుడు. పై ఇంటివాళ్ళు.

అరగంటకు, ఇక చాలు పద్మా, అన్నాను. ఉండనీ, అంది.

ఐదైంది. ఉండనీ.

ఆరింటికి అలారం మోగింది. ఆపేశాను. వీపు కింద చెయ్యి పెట్టాను, తిప్పుదామని. ఆమె తలుపు మీంచి చూపు తీయలేదు.

"ఉండనీ. అన్న వస్తే, గోడ దిక్కు మొఖం పెట్టుకుంటే మంచిగుండది."

చెయ్యి ఇంకా అక్కడే ఉంది. ఇది రెండో చేత్తో రాస్తున్నాను.